పనియు ఊపిరియు: చీమకుర్తి సీమలో ఒక చరిత్రాన్వేషణము

చీమకుర్తి పేరు సముద్రములు దాటి పోవుటకు కారణము దాని భూగర్భమునందలి నల్లరాయి. నల్లని మేనిపై బంగారువన్నె చుక్కలు మెఱయు ఈ శిలను వర్తకులు బ్లాక్ గెలాక్సీ యని పిలుతురు. దేశదేశముల సౌధములలో దానిని నేలకును గోడలకును పఱచుచున్నారు. ఒంగోలునుండి పొదిలికి పోవు బాటలో, ఒకప్పుడు వానచినుకుకై ఎదురుచూచుచుండిన చీమకుర్తి, రామతీర్థము మొదలగు మెట్టపల్లెలు కొలది దశాబ్దములలోనే క్వారీల సీమగా మాఱినవి. ఆ రాతి పుట్టుకను భూగర్భశాస్త్రజ్ఞులు వివరించిరి. దాని ధరలను వర్తకులు వ్రాసికొనిరి. ఎగుమతుల లెక్కలు ప్రభుత్వముకడ నున్నవి. ఆ రాతిని తొలిచి, కోసి, మెఱుగుపెట్టిన మనుష్యుల ఊపిరి చరిత్ర మాత్రము ఇంకను వ్రాయవలసియే యున్నది. పనిచోట మనుష్యదేహమునకు ఏమి సంభవించెనో, దానిని వైద్యము ఎప్పుడు గుర్తించెనో, గుర్తించియు రాజ్యము ఎంతకాలము ఊరకుండెనో విచారించుటయే వృత్తిగా గల చరిత్రకారుడు, ఈ సీమలో ఏమి వెదకవలెనో, ఎచ్చట వెదకవలెనో, ఆ వెదకులాటవలన తేలు సత్యమెట్టిదో చెప్పుట ఈ వ్యాసమున నా యుద్దేశము.

ఈ వృత్తిలో మొదటి కష్టము పత్రములు చెదరి యుండుట. నేటి ప్రకాశము జిల్లా 1970లో ఏర్పడినది. గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాలనుండి తాలూకాలను విడదీసి కూర్చిన యీ జిల్లాకు 1972లో టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. అంతకుముందు ఒంగోలు తాలూకా గుంటూరు జిల్లాలోనిది. 1904లో గుంటూరు జిల్లా పుట్టకపూర్వము నెల్లూరు జిల్లాలోనిది. కావున ఒంగోలు సీమ కూలివాని బ్రదుకును వెదకువాడు 1873లో బాస్వెల్ దొర ప్రకటించిన నెల్లూరు జిల్లా మాన్యువలుతో మొదలుపెట్టి, గుంటూరు కచేరీ దస్త్రములను దాటి, చెన్నపట్టణమున ఎగ్మూరులోని రికార్డుల భాండాగారమువఱకు పోవలసియుండును. ప్రభుత్వపు కాగితములకెక్కని విషయములకై పత్రికల పాతసంపుటములను తిరుగవేయవలెను. అందులకు ఈ సీమవారికి వేటపాలెములోని సారస్వత నికేతనమును మించిన ఆశ్రయము లేదు. 1918లో వెలసిన ఆ గ్రంథాలయము తొలితరము తెలుగు పత్రికలను పదిలముగా కాపాడి, ఎందఱో పరిశోధకులకు అన్నము పెట్టినది. యంత్రమున చేయి పోగొట్టుకొన్న కూలివానిని గూర్చియు, ఒక సమ్మెను గూర్చియు నాలుగు పంక్తులు ఏ పుటమూలనో కానవచ్చును. చరిత్రకారునకు ఆ నాలుగు పంక్తులే ఒక్కొకప్పుడు నెలల శ్రమకు ఫలము.

రెండవ కష్టము మొదటిదానికంటె గట్టిది. వైద్యశాలల చిట్టాలలో రోగి పేరుండును, వయస్సుండును, ఊరుండును, రోగమును ఇచ్చిన మందును ఉండును. అతడు ఏ పని చేసి పొట్టపోసికొనునో తెలుపు గడి తఱచుగా ఉండదు. ఉన్నచో కూలి యను ఒక్క మాటతో నిండియుండును. పత్తిమిల్లులో దూది ఎగదట్టినవాడును, పొగాకు బ్యారనులో మంట ఎగద్రోసినవాడును, రాతిగనిలో రంధ్రములు తొలిచినవాడును ఆ ఒక్కమాటలో కలిసిపోవుదురు. ఈ సీమయందే రెండువేల యేండ్ల క్రింద దీనికి భిన్నమైన ఆచారముండెను. అమరావతి స్తూపమునకు పలకలు దానముచేసినవారిలో కొందఱు తమ పేరుతోబాటు తమ వృత్తినిగూడ చెక్కించిరి: పూర్ణకుంభము చెక్కిన యొక పలకపై దాత విధికుడు చర్మకారుడని స్పష్టముగా నున్నది, గంధద్రవ్యములమ్ము గాంధికుల పేర్లును ఆ శాసనములలో నున్నవి. పుణ్యమునకు దాత వృత్తి జ్ఞాపకముంచుకొనిన నేలయందు, వ్యాధికి రోగి వృత్తి జ్ఞాపకముంచుకొను ఆచారము నిలువకపోవుట విచారింపదగిన విషయము. ఆ ఖాళీగడిని నింపుటయే నేను నా వృత్తిధర్మముగా భావింతును.

రోగి వృత్తిని అడుగవలెనని వైద్యులకు నేర్పిన మహనీయుడు ఇటలీదేశీయుడగు బెర్నార్డినో రామజ్జీని. 1700లో మోడెనానగరమున ప్రకటించిన తన గ్రంథమునందు, హిపోక్రటీసు నాటినుండి వైద్యుడు రోగి నడుగు ప్రశ్నలకు నీవు చేయు పని యేమి యను ప్రశ్నను చేర్చవలెనని అతడు విధించెను. గనులవారిని, కుమ్మరులను, రాళ్లుచెక్కువారిని, దాదులను, లేఖకులను, ఒక్కొక్క వృత్తివారిని వేఱువేఱుగా విచారించి వారి వ్యాధులను వర్ణించెను. రాళ్లుచెక్కువారి ఊపిరితిత్తులను మరణానంతరము కోసినపుడు కత్తికి ఇసుక తగిలెనని అతనికి ముందే డీమెర్‌బ్రూక్ అను డచ్చి వైద్యుడు వ్రాసియుండెను. అంతకంటె పూర్వము 1556లో అగ్రికోలా, గనులధూళివలన కార్పాతియా పర్వతప్రాంతమున కొందఱు స్త్రీలు ఏడుగురు భర్తలను పోగొట్టుకొనిరని చెప్పెను. రాతిధూళి మనిషిని చంపునను జ్ఞానము పాతదనుట ఇందువలన తేటపడుచున్నది. చరిత్రకారుడు అడుగవలసిన ప్రశ్న, ఈ జ్ఞానము ఎప్పుడు కలిగినదని కాదు. కలిగిన జ్ఞానము పనిచోటికి చేరుటకు ఇంతకాలము ఏల పట్టినదని.

ఈ ప్రశ్నకు మన సీమనుండియే ఒక గొప్ప ఉదాహరణము కలదు. 1876-78 సంవత్సరములలో వచ్చిన మహాక్షామమును మనవారు ధాత కరవని జ్ఞాపకముంచుకొనిరి. పైరులు మాడి, పశువులు పడిపోయి, పల్లెలు ఖాళీయగుచుండ, కరవుపనులుగా ప్రభుత్వము త్రవ్వించిన కాలువలలో తీరము వెంబడి సాగు బకింగ్‌హాము కాలువ ముఖ్యమైనది. 1866నుండి ఒంగోలులో నివసించుచుండిన అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, ఆ కాలువలో మూడున్నర మైళ్ల భాగమును కంట్రాక్టునకు తీసికొని, ఆకలిగొన్న దళితకుటుంబములకు పని చూపెను. ఆ పనిచోట గుమిగూడిన వేలాదిజనులు, వారి తాటాకు పాకలు, వారి నడుమ తిరుగు విషూచి, ఇవన్నియు ఒంగోలు చరిత్రలో మతమార్పిడుల అధ్యాయముగానే సాధారణముగా చదువబడుచున్నవి. నా దృష్టిలో అది పనివారి ఆరోగ్యచరిత్రలోని అధ్యాయముగూడ. ఏలయనగా ఆ దినములలోనే, గడ్డపార ఎత్తు మనిషికి ఎంత తిండి కావలెనను ప్రశ్నపై చెన్నపట్టణమున తీవ్రమైన వాదము జరిగెను.

కరవు వ్యయమును తగ్గించుటకై వచ్చిన సర్ రిచర్డు టెంపుల్ 1877 ఆరంభమున, పనిచేయు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, దానిపై కొంచెము రొక్కమును చాలునని నిర్ణయించెను. దీనిని ఎదిరించినవాడు మదరాసు రాజధాని ఆరోగ్యశాఖాధిపతియగు డాక్టరు కార్నిష్. ఈ రాజధాని ప్రజలు దినదినము ఏమి తిందురో అంతకు చాలయేండ్ల ముందే విచారించి వ్రాసిన ఆ వైద్యుడు, ఊరక కూర్చుండినవాని ప్రాణము నిలుపు తిండి వేఱు, మన్ను మోయువానికి కావలసిన తిండి వేఱు అని పట్టుపట్టెను. ధాన్యముతోబాటు పప్పుండవలెననియు, ఒక పౌను కూలితో పనిచేయించుట మనిషిని మెల్లగా క్షయింపజేయుటయే యనియు వాదించెను. ఆ సంవత్సరమే మదరాసు ప్రభుత్వము కూలి పెంచెను. ఇందు గమనింపవలసినది, కార్నిష్ గెలిచినాడనుటకంటె అతడు వాదించిన తీరు. పనిని లెక్కించి, తిండిని తూచి, దేహమునందలి మార్పును చూచి, పనికిని ఆరోగ్యమునకును గల సంబంధమును ప్రభుత్వమువారి యెదుట అంకెలలో నిలిపెను. ఆ వాదప్రతివాదముల కాగితములు మిగిలియున్నవి కనుకనే పేరులేని ఆ కూలివారి ఆకలిని నేడు మనము కొలువగలుగుచున్నాము.

తరువాతి కాలమున ఈ మైదానమునకు క్రొత్త పనులు వచ్చినవి. వానితోబాటు క్రొత్త బాధలును వచ్చినవి. పత్తి గింజ తీయు జిన్నింగు మిల్లులలోను, బేళ్లు కట్టు ప్రెస్సులలోను గాలియంతయు దూదినూగుతో నిండియుండును. ఆ గాలి పీల్చినవారికి సెలవు గడచి మరల పనిలో చేరిన దినముననే ఛాతీ బిగియుట దూదిరోగపు లక్షణము. 1912లో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ గుంటూరున వ్యాపారము మొదలుపెట్టిన పిమ్మట వర్జీనియా పొగాకు ఈ నేలల ముఖ్యమైన పైరయ్యెను. తడియాకు కోయువారి చర్మముగుండ నికొటిను దేహమున ప్రవేశించి తల తిప్పుటయు వాంతియు కలిగించును. ఎండినయాకును గ్రేడు చేయు షెడ్లలో, పెక్కుగా స్త్రీలే, దినమెల్ల ఆ పొడిని పీల్తురు. మిరపకళ్లములలో కాయ తొడిమలు తీయు ఆడువారి చేతులమంట, కన్నుల మంట, ఎడతెగని దగ్గు ఈ ప్రాంతమున ఎవరికిని తెలియనివి కావు. అందఱికిని తెలిసినవగుటచేతనే అవి రోగములుగా చిట్టాకెక్కలేదు. అలవాటైన బాధ కాగితమునకెక్కదు. ఇది ఈ చరిత్ర నేర్పు కఠినమైన పాఠము.

వీనియన్నిటికంటెను మాయామయమైనది రాతిధూళివలని రోగము. దీనిని వైద్యులు సిలికోసిస్ అందురు. స్ఫటికరూపమున నున్న సిలికా, మిల్లీమీటరులో నూఱవవంతుకంటె చిన్న రేణువులై గాలిలో తేలునపుడు కంటికి కనబడదు. అట్టి రేణువు ఊపిరితిత్తులలో లోలోపలి గాలితిత్తులవఱకు చేరును. అచ్చట కాపలాయున్న కణములు దానిని మ్రింగును. మ్రింగి జీర్ణింపలేక చచ్చును. చచ్చినచోట వాపు, వాపుపిమ్మట గట్టిమచ్చలు ఏర్పడి, మెత్తని తిత్తి క్రమముగా బిగిసిపోవును. సాధారణముగా పదియేండ్లు దాటిన పిమ్మట ఆయాసము పైకి తెలియును. ధూళి మిక్కిలిగా నున్నచోట అంతకు ముందే తెలియును. పని మానినను రోగము ముదురవచ్చును. చెడిన తిత్తిని మరల బాగుచేయు మందు లేదు. పైగా ఇట్టివారికి క్షయ సులభముగా సోకును. దగ్గు, బరువు తగ్గుట, రక్తము పడుట రెంటికిని ఉండుటచే, రాతిపనివాడు ఆసుపత్రికి వచ్చినచో క్షయ యనియే వ్రాయుట పరిపాటి. మదనపల్లె దగ్గఱ ఆరోగ్యవరమున 1915నాటికి నెలకొనిన క్షయవైద్యశాల దక్షిణదేశమంతటికి ఆశాస్థానమైనది. క్షయను ఎదిరించిన ఆ కృషి వందనీయము. కాని క్షయ యను పేరు చీటీపై పడినపుడు, వెనుక దాగిన రాతిధూళిని అడుగువారుండరు. అడుగనిచో యజమానికి బాధ్యత లేదు, కుటుంబమునకు పరిహారము లేదు.

అడిగినచోట ఏమి తేలెనో రెండు నిదర్శనములు చూపుదును. మొదటిది కోలారు బంగారుగనులు. 1880లో జాన్ టెయిలరు కంపెనీ చేతబట్టిన ఆ గనులలో తమిళులతోబాటు తెలుగుసీమనుండి పోయిన కుటుంబములును తరతరములు చెమటోడ్చినవి. బంగారమున్న తెల్లరాయి స్ఫటికశిలయే యగుటచే దాని ధూళి మిక్కిలి ప్రమాదకరమైనది. మన దేశమున ఈ రోగము మొదట అధికారికముగా నమోదైనది అచ్చటనే. 1940 దశకమున గనుల వైద్యులు పనివారిని వేలకొలదిగా ఎక్స్‌రే తీసి పరీక్షింపగా, రోగము ఎంతగా వ్యాపించియున్నదో బయటపడెను. రెండవది బడిపలకల పని. మన సీమలోని మార్కాపురము పలకలపై తెలుగుదేశమున లక్షలమంది అక్షరములు దిద్దుకొనిరి. పలకరాయిని కోయునపుడును, బలపములు చేయునపుడును లేచు ధూళిలో సిలికా మెండు. మధ్యప్రదేశమున మంద్‌సౌర్ ప్రాంతపు బలపముల పనివారిని అహమ్మదాబాదులోని జాతీయ వృత్తిసంబంధ ఆరోగ్యసంస్థవారు పరీక్షించి 1985లో ప్రకటించిన ఫలితములలో, సగముమందికి మించి సిలికోసిసు కలవారుగా తేలిరి. బాలుని చేతి బలపము వెనుక ఇంతటి దుఃఖమున్నదని తెలిసిన పిమ్మట, మార్కాపురపు పలకను చరిత్రకారుడు వట్టి విద్యాసామగ్రిగా చూడజాలడు.

ఇక చీమకుర్తి. ఈ సీమలో రాతిపని క్వారీలతో పుట్టినది కాదు. వడ్డెరలు తరతరములుగా బావులు త్రవ్విరి, చెఱువుకట్టలకు రాయి పేర్చిరి, రుబ్బురోళ్లు, తిరగళ్లు, సన్నికల్లులు మలచి సంతలలో అమ్మిరి. ఉలి, సుత్తి, సమ్మెట వారి ఆస్తి. ఆరుబయటి పని, చేతివేగపు పని యగుటచే లేచు దుమ్ము కొంత గాలికి పోవుచుండెను. క్వారీలు వచ్చినపుడు కంప్రెసరుతో నడచు జాక్‌హామరు ఆ ఉలికి మాఱుగా వచ్చెను. ఒక్క మనిషి ఒక్క పూటలో పుట్టించు ధూళి అనేకరెట్లు పెరిగెను. రాయి లోతునకు పోయినకొలది గొయ్యి గోడలు ఎత్తై గాలి సంచారము తగ్గెను. అటుపిమ్మట వజ్రపుపూసల తీగరంపములు వచ్చినవి. నీరు పోయుచు కోయు ఈ పద్ధతిలో ధూళి తగ్గుట నిజమే. కాని రంధ్రములు తొలుచుట పొడిగా జరిగినంతకాలము ధూళి తప్పదు. పాలిషు పట్టు కర్మాగారములనుండి వెడలు తడిబురద పాఱబోసినచోట ఎండి మరల పొడియై లేచును.

ఇచ్చట సత్యనిష్ఠ గల చరిత్రకారుడు మరువరాని అంశమొకటి కలదు. వ్యాపారమున గ్రానైటని పేరొందినను చీమకుర్తి నల్లరాయి గాబ్రో జాతికి చెందినది. అందలి బంగారుచుక్కలు బ్రాంజైటను ఖనిజపు రేకులు. నిజమైన గ్రానైటులో స్ఫటికసిలికా విశేషముగా నుండగా గాబ్రోలో అది స్వల్పము. కావున కోలారు కథను ఉన్నది ఉన్నట్లు చీమకుర్తికి అంటగట్టుట న్యాయము కాదు. అట్లని ఈ ధూళి హానిరహితమనుటయు న్యాయము కాదు: ఏ ధూళియైనను శ్వాసనాళములను చెఱచును; పైగా క్వారీ కూలివాడు ఒక్క గనిలోనే జీవితము గడుపడు, ఇచ్చట కొన్నాళ్లు, ఎఱ్ఱగ్రానైటు గనిలో కొన్నాళ్లు, కంకరమిల్లులో కొన్నాళ్లు పనిచేయును. అతని ఊపిరితిత్తులలో చేరిన ధూళి ఒక్క యజమానిది కాదు. దుమ్ముతోబాటు చెవులు మొద్దుబాఱించు ధ్వని కలదు. చేతులకెక్కు అదురు కలదు. 1918లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున సున్నపురాయి చెక్కువారిని పరీక్షించిన డాక్టరు ఆలిస్ హామిల్టన్, గాలిసుత్తులు పట్టినవారి వ్రేళ్లు చలిలో తెల్లబాఱి స్పర్శ కోల్పోవుటను కనుగొనెను. ఆమె కర్మశాలలకు స్వయముగా నడచిపోయి, పనివారి యిండ్లలో కూర్చుండి, భార్యల నడిగి, వైద్యము నేర్వని సంగతులు నేర్చుకొనెను. ఈ శాస్త్రమునకు ఆమె చూపిన మార్గము నేటికిని శిరోధార్యము.

చట్టముల చరిత్రయు ఈ మబ్బును పూర్తిగా తొలగింపలేదు. 1923లో వచ్చిన పనివారి నష్టపరిహారచట్టపు వ్యాధుల తొలిపట్టికలో సిలికోసిసు లేదు. 1948 నాటి కర్మాగారముల చట్టము దానిని వైద్యుడు తప్పక తెలుపవలసిన వ్యాధిగా చేర్చెను. 1952 నాటి గనుల చట్టము క్వారీని గనిగా పరిగణించి కేంద్రప్రభుత్వపు తనిఖీకి ఒప్పగించెను. అందుచేత ఒకే బండరాయి గోతిలో నున్నంతసేపు ఒక ప్రభుత్వశాఖ చేతిలోను, పాలిషుశాలకు చేరినంతనే మఱొక శాఖ చేతిలోను పడెను. దానితోబాటు దానిపై పనిచేసిన మనుష్యుల కాగితములును రెండుచోట్లకు చీలెను. ఒడిషా, బీహారు మొదలగు రాష్ట్రములనుండి వచ్చి పనిచేసి, ఒంట్లో సత్తువ సన్నగిల్లగానే సొంతయూరికి మరలిపోవువారి సంగతి మఱియు దుర్జ్ఞేయము. వారి శ్రమ ఇచ్చటి లెక్కలలోను, వారి రోగము అచ్చటి ఆసుపత్రిలోను ఉండును. ఈ రెంటిని కలుపు కాగితము పుట్టలేదు.

కాగితము లేనిచోట మాటయే ప్రమాణము. పనివారి నోట విన్న చరిత్రను వట్టి కబుర్లని త్రోసివేయుట పండితులకు తగదు. నేను నేర్చుకొనిన పద్ధతి ఇది: రోగమును గూర్చి మొదట అడుగరాదు, పనిని గూర్చి అడుగవలెను. ఏ యేట ఏ క్వారీలో చేరితివి, డ్రిల్లింగునకు నీరు పోసిరా, ముక్కునకు తువాలు కట్టితివా, మేస్త్రి యెవరు, మస్టరులో నీ పేరుండెనా, కూలి వారమునకా నెలకా, అని పని సంగతులు క్రమముగా విచారించినచో, దగ్గెప్పుడు మొదలైనదో, మెట్టు ఎక్కుట యెప్పుడు కష్టమైనదో తనంతట తానే బయటపడును. అట్లు విన్న మాటను ఓ.పి. చీటీతోను, ఎక్స్‌రే ఫిలముతోను, హాజరుపట్టీతోను సరిచూడవలెను. మాటయు కాగితమును ఒకటినొకటి నిలబెట్టినపుడే ప్రమాణమగును. చెప్పినవారి పేరును, వారి రోగమును వారి యనుమతి లేక ప్రకటింపరాదు. బ్రదికియున్నవారి బాధతో పనిచేయు చరిత్రకారునకు ఇది మొదటి నియమము.

మన తెలుగువారికి ఈ మార్గమున పూర్వులు లేకపోలేదు. విశాఖపట్టణమున వైద్యవిద్య బోధించిన డాక్టరు డి. వి. సుబ్బారెడ్డిగారు వైద్యచరిత్రకే జీవితము నంకితముచేసి, 1956లో హైదరాబాదున ఉస్మానియా వైద్యకళాశాలలో నెలకొనిన వైద్యచరిత్రశాఖను పెంచి పెద్దచేసిరి. అదియే కాలక్రమమున జాతీయసంస్థగా ఎదిగినది. గ్రంథములను, శాసనములను, వ్రాతప్రతులను వైద్యదృష్టితో చదువుట వారు మనకు నేర్పిరి. ఆ చదువును పనిచోటికి కొనిపోవుట మన తరమువారి విధి.

ఈ విధికి న్యాయస్థానమును ఒక సాధనమిచ్చినది. రాతినార (ఆస్‌బెస్టాసు) పనివారి విషయమున 1995 జనవరిలో తీర్పుచెప్పుచు సుప్రీముకోర్టు, పనివాని ఆరోగ్యము జీవించుహక్కులో భాగమని ప్రకటించి, ఆ పనివారి ఆరోగ్యపత్రములను పనిలో చేరిన నాటినుండి కనీసము నలువదియేండ్లు భద్రపఱచవలెనని ఆజ్ఞాపించినది. ధూళిరోగము సాధారణముగా పెక్కేండ్లకు గాని పైకి రాదు గనుక, పనిచేసిననాటి కాగితము లేనిచో నేటి రోగికి న్యాయము లేదు. ఆ యాజ్ఞ రాతినార పనివారికి చెప్పబడినదైనను, అందలి న్యాయము రాతిపనివారందఱికిని వర్తించును.

కావున నేను కోరునది మూడు చిన్న పనులు. ఒంగోలు వైద్యశాలలోను, చీమకుర్తి ప్రాథమిక ఆరోగ్యకేంద్రములోను, ప్రతి రోగి చీటీపైనను అతడు చేయు పనిని, ఎన్నేండ్లు చేసెనో, ఏ రాతిపై చేసెనో వ్రాయవలెను. కూలి యని వ్రాసి విడువరాదు. క్వారీల హాజరుపట్టీలను, ఎక్స్‌రే ఫిలములను, తనిఖీ నివేదికలను చెత్తకు వేయక జిల్లాలో ఒకచోట భద్రపఱచవలెను. వలసపోయినవారి చీటీలను వారి సొంతయూరి వైద్యులకు పంపవలెను. ఈ మూడును ఖర్చుతో కూడినవి కావు, శ్రద్ధతో కూడినవి. ధాత కరవునాడు కార్నిష్ అంకెలు వ్రాసినందున కూలివాని తిండి పెరిగెను. కోలారున ఎక్స్‌రేలు తీసినందున రోగము రుజువయ్యెను. మంద్‌సౌరున పరీక్షించినందున బలపముల ధూళి లోకమునకు తెలిసెను. వ్రాసినచోటనెల్ల పనివానికి కొంత మేలు జరిగినదని ఈ చరిత్రయే సాక్ష్యమిచ్చుచున్నది. చీమకుర్తిలో ఆ వ్రాత ఇప్పటినుండియైనను మొదలుకావలెను; ఏలయన నేడు జాక్‌హామరు పట్టిన యువకుని ఊపిరికి సంబంధించిన న్యాయము, నేడు వ్రాసిన చీటీపైననే ఆధారపడియున్నది.